ఆవిరి యంత్రం నుంచి అతిమధురం దాకా: గాయకుల గొంతు సామగ్రిలో కొనదగినవేవి?

కర్ణాటక సంగీతం పాడేవారి చేతిసంచిలో శ్రుతిపెట్టెతో పాటు ఫ్లాస్కు, అతిమధురం ముక్కలు, రెండు మూడు రకాల గొంతు బిళ్లలు మామూలే. ఇంట్లో ఆవిరి పట్టుకునే యంత్రం సరేసరి. ఈమధ్య ద్రవాన్ని పీల్చే సన్నని తుంపరగా మార్చే నెబ్యులైజర్, నీళ్లలో ఊదే సిలికాన్ గొట్టం, గదిలో తేమ పెంచే యంత్రం కూడా వచ్చి చేరాయి. వీటన్నిటినీ అమ్మేవాళ్లు చెప్పే మాట ఒకటే: గొంతుకు మంచిది. గొంతులో ఎక్కడికి మంచిది అని అడిగితే అసలు సంగతి తేలుతుంది.

ఈ సమీక్షకు కొలబద్ద ఆ ప్రశ్నే. నోట్లో వేసుకుని మింగేది ఏదైనా సరే, తేనె కావచ్చు, మిరియాల కషాయం కావచ్చు, గొంతులో స్వరం పుట్టించే రెండు సన్నని మడతలను, అంటే స్వరతంత్రులను, తాకదు. మింగేటప్పుడు స్వరపేటిక పైకి లేస్తుంది, దాని మీది మూత ఉపజిహ్విక వాలుతుంది, స్వరతంత్రులు రెండూ గట్టిగా మూసుకుంటాయి. మింగినది వెనకవైపున్న ఆహారనాళంలోకి జారిపోతుంది. ఒక్క నీటిచుక్క దారి తప్పినా పొలమారి దగ్గు ముంచుకొస్తుంది. స్వరతంత్రులను నేరుగా చేరేవి ఊపిరితో లోపలికి వెళ్లేవి మాత్రమే: గాలి, ఆవిరి, తుంపర. మిగతావన్నీ ఒంట్లో ఇంకి, రక్తం ద్వారా నెమ్మదిగా అందాల్సిందే. సాయంత్రం ఆరింటి కచేరీకి ఐదు నిమిషాల ముందు తాగిన గ్లాసు నీళ్లు నోటిని తడుపుతాయి, అంతే. ఆ సాయంత్రం స్వరతంత్రులకు పనికొచ్చేవి పొద్దుటి నుంచీ తాగుతూ వచ్చిన నీళ్లు.

తడి అంత ముఖ్యమా అంటే, ముఖ్యమే. ఐదున్నర శ్రుతిలో పాడే గాయని ఆధార షడ్జమం (కింది స) సుమారు 208 హెర్ట్జ్, తారషడ్జమం (పై స) 415. తారషడ్జమం మీద నిలిచిన ప్రతి సెకనులోనూ స్వరతంత్రులు 415 సార్లు ఒకదానికొకటి తగులుతున్నాయన్నమాట. ఆడవారిలో వాటి పొడవు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు మాత్రమే. పైపొర పలచగా, తడిగా ఉంటేనే అలలా కదులుతుంది. ఆరిపోతే ఆ కదలిక మొదలవడానికి ఊపిరి ఒత్తిడి ఎక్కువ కావాలి. ఈ తేడా గాయకులకు ముందుగా తెలిసేది మెల్లగా పాడే చోట. తారస్థాయిలో సన్నగా అందుకోబోతే ముందు గాలి వస్తుంది, స్వరం ఒక క్షణం ఆలస్యంగా పలుకుతుంది. గట్టిగా పాడితే మాత్రం వెంటనే పలుకుతుంది. అందుకని గట్టిగా పాడేస్తారు. గొంతుకు దెబ్బ అక్కడ మొదలవుతుంది.

ఆవిరి యంత్రం: కొనండి, కానీ చూసి

మందుల దుకాణాల్లో రెండు మూడు వందల నుంచి దొరికే ప్లాస్టిక్ ఆవిరి యంత్రాలు చూడ్డానికి ఒకేలా ఉన్నా లోపల రెండు రకాలు. ఒక రకంలో రెండు లోహపు పలకలు నీళ్లలో మునిగి ఉంటాయి. కరెంటు ఒక పలక నుంచి రెండో దానికి నీళ్లలోంచే ప్రవహించి నీటిని వేడెక్కిస్తుంది. రెండో రకంలో అడుగున మూసి ఉన్న హీటర్ పళ్లెం ఉంటుంది, నీళ్లకూ కరెంటుకూ సంబంధం ఉండదు. కొనేముందు మూత తీసి లోపలికి చూస్తే ఏ రకమో తెలిసిపోతుంది. ఎంచుకునే వీలుంటే రెండోదే తీసుకోండి, ధర కొంత ఎక్కువైనా సరే.

మొదటి రకంతో వచ్చే ఇబ్బంది ఇది. ఇళ్లలో ఇప్పుడు తాగేది ఆర్‌ఓ నీళ్లు. వాటిలో లవణాలు తక్కువ కాబట్టి కరెంటు సరిగా పారదు, పావుగంటైనా ఆవిరి రాదు. యంత్రం పాడైందనుకుని తిరిగిచ్చేసేవాళ్లు ఎక్కువమంది ఈ కారణంతోనే ఇచ్చేస్తారు. చిటికెడు ఉప్పు వేస్తే ఆవిరి వస్తుంది. చెంచాడు వేస్తే మాత్రం కరెంటు ఒక్కసారిగా ఎక్కువగా లాగి నీళ్లు తెర్లుతాయి, మూతిలోంచి మరిగే చుక్కలు మొహం మీదికి చిందుతాయి, ఫ్యూజు కూడా పోవచ్చు. ఇంకో ముఖ్యమైన జాగ్రత్త: ఈ రకంలో ప్లగ్గు పెట్టి ఉన్నంతసేపూ నీళ్లలో కరెంటు ఉంటుంది. నీళ్లు పోయాలన్నా, మూత తియ్యాలన్నా ముందు ప్లగ్గు పీకాలి. స్విచ్చి ఆపితే చాలదు.

బోరు నీళ్లు పోసే ఇళ్లలో సమస్య దీనికి తలకిందులు. ఆవిరి బ్రహ్మాండంగా వస్తుంది గానీ నెల తిరక్కుండా లోపల తెల్లటి సున్నపు పొర కడుతుంది, ఆవిరి తగ్గిపోతుంది, మాడు వాసన వేస్తుంది. సగం నీళ్లు, సగం తెల్ల వెనిగర్ కలిపి అరగంట నానబెట్టి కడిగేస్తే పొర ఊడివస్తుంది. చెంచాడు నిమ్మఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లూ అదే పని చేస్తాయి. ఈ రెండూ యంత్రం ఆపి ఉన్నప్పుడు చేయాల్సినవి, వెనిగర్ పోసి ఆన్ చేయకూడదు. కొత్తగా కొన్న యంత్రాన్ని మాత్రం ఉత్త నీళ్లతో రెండు మూడు సార్లు మరిగించి పారబోసి, ప్లాస్టిక్ వాసన పోయాకే మొహం దగ్గర పెట్టుకోవాలి.

పెట్టె మీద చూడాల్సినవి ఇంకా కొన్ని ఉన్నాయి. నీళ్లు అయిపోగానే దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఉందా? నీటిమట్టం గీత బయటికి కనిపిస్తోందా? అడుగు వెడల్పుగా ఉండి బల్ల మీద నిలకడగా నిలుస్తోందా? వైరు చాలా యంత్రాలకు మరీ పొట్టిగా ఉంటుంది, అందుకని మంచం మీద, కుర్చీ చేతి మీద పెట్టేస్తుంటారు. మరిగే నీళ్లు ఒళ్లో ఒలికే ప్రమాదాలు జరిగేది ఇలాగే. పిల్లలున్న ఇంట్లో ఇది మరీ జాగ్రత్తగా చూసుకోవాల్సిన విషయం. పెద్ద మూతి, మొహమంతా కప్పే తొడుగు అందానికి ఆవిరి పట్టేవారికి కావాలి, గాయకులకు అక్కర్లేదు. ముక్కు, నోరు పట్టే చిన్న తొడుగు ఉంటే చాలు.

పట్టే పద్ధతి కూడా చూడాలి. మూతికి జానెడు దూరంలో మొహం పెట్టి, కళ్లు మూసుకుని, నోరు కొద్దిగా తెరిచి నెమ్మదిగా లోపలికి పీల్చాలి, ముక్కుతో వదలాలి. గొంతులో వెచ్చగా ఉండాలి, మంట పుట్టకూడదు. మంటగా ఉంటే ఇంకో బెత్తెడు వెనక్కి జరగాలి. ఐదు నుంచి పది నిమిషాలు చాలు. అరగంట పడితే ఆరు రెట్లు మేలు జరగదు, వేడికి లోపలి పొర ఎర్రబారుతుంది. కచేరీకి సరిగ్గా ముందు కాకుండా, ముప్పావు గంట ముందు పట్టడం మేలు. ఆవిరికి లోపలి కఫం పలచబడి కదులుతుంది, అది తేరుకునేదాకా గొంతులో జీర అడ్డుపడుతూ ఉంటుంది. ఆ సమయంలో గొంతు సవరించుకుంటూ ఖంగుఖంగుమనకూడదు. చిన్న గుక్క నీళ్లు మింగి, పెదవులు మూసి మంద్రంలో (కింది స్థాయిలో) సన్నగా ‘మ్’ అని పలికితే జీర తొలగిపోతుంది.

ఇక అందులో వేసేవాటి సంగతి. తెలుగు ఇళ్లలో ఆవిరి అనగానే ఏదో ఒకటి కలపాల్సిందే: పసుపు, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో మొదలుపెట్టిన అమృతాంజనం, హైదరాబాదు చుట్టుపక్కల అయితే జిందా తిలిస్మాత్ చుక్కలు. మూసుకుపోయిన ముక్కుకు ఆ ఘాటు హాయినిస్తుంది, కాదనేది లేదు. స్వరతంత్రులకు కావల్సింది మాత్రం నీటి ఆవిరి ఒక్కటే. కర్పూరం, పుదీనా పువ్వు, నీలగిరి తైలం లాంటి ఘాటు నూనెలు అప్పటికే వాచిన పొరను ఇంకా రేపుతాయి, కొందరికి దగ్గు తెరలుతెరలుగా వస్తుంది. పైగా యంత్రంలో నూనె పోస్తే ప్లాస్టిక్ పగులుతుంది, పలకలకు జిడ్డు పడుతుంది. జలుబుకు పట్టే ఆవిరి వేరు, పాటకు పట్టే ఆవిరి వేరు అని విడిగా పెట్టుకోవడం మంచిది.

గిన్నె, దుప్పటి పద్ధతితో ఆవిరిలో తేడా ఏమీ లేదు, ప్రమాదంలోనే తేడా. కుక్కరు గొట్టానికి ట్యూబు తగిలించి పీల్చే పద్ధతి ఒకటి వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. దాని జోలికి ఎట్టి పరిస్థితుల్లోనూ పోవద్దు. ఒత్తిడితో వచ్చే ఆ ఆవిరి క్షణంలో గొంతును లోపలినుంచి కాల్చేస్తుంది.

నెబ్యులైజర్: పొడి ఊళ్లలో, ఏసీ హాళ్లలో

ఆవిరి లోపం ఒకటే, దాని ప్రభావం ఎంతోసేపు నిలవదు. విశాఖలో, కాకినాడలో గాలే తేమగా ఉంటుంది కాబట్టి పెద్దగా తెలియదు. ఎండాకాలం హైదరాబాదులో, రాత్రంతా ఏసీ వేసుకుని పడుకున్నాక, విమానం దిగి నేరుగా హాలుకు వెళ్లాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. చలికాలం అమెరికాలో ఇల్లంతా హీటరు నడుస్తుంటే అక్కడి మన గాయకులకు ఇది రోజువారీ బాధ. అలాంటి చోట్ల 0.9 శాతం సెలైన్ (శుద్ధమైన ఉప్పునీటి ద్రావణం) తుంపర ఆవిరి కన్నా నయం. దాని ఉప్పదనం శరీర ద్రవాలతో సమానం కాబట్టి పొరలో ఎక్కువసేపు నిలుస్తుంది, వేడి ఉండదు కాబట్టి కాలే భయం లేదు.

ఇందులోనూ రెండు రకాలు. కంప్రెసర్ ఉన్నది బరువు, చప్పుడు, కానీ ఏళ్ల తరబడి పనిచేస్తుంది, పన్నెండు వందల నుంచి రెండున్నర వేల రూపాయల మధ్య దొరుకుతుంది. జాలీ ఉన్న చిన్నది అరచేతిలో ఇముడుతుంది, చప్పుడుండదు, గ్రీన్‌రూంలో తంబురా శ్రుతి చేస్తుండగానే పెట్టుకోవచ్చు, ఛార్జింగుతో నడుస్తుంది. ఇంట్లో వాడుకోవడానికి మా ఓటు కంప్రెసర్‌కే. ఇవన్నీ ఆస్తమా మందు కోసం తయారైనవి, ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్లడానికి తుంపరను 5 మైక్రాన్లలోపు చేస్తాయి. స్వరపేటిక దగ్గర ఆగేది అంతకన్నా పెద్ద చుక్క. అందుకని మరీ సన్నని తుంపర అని గొప్పగా రాసిన ఖరీదైన యంత్రానికి ఎక్కువ డబ్బులు పెట్టడం గాయకులకు అనవసరం.

వాడకం తేలిక. గిన్నెలో 3 నుంచి 5 మిల్లీలీటర్ల సెలైన్ పోసి, నిటారుగా కూర్చుని, నోటితో మామూలు ఊపిరి తీసుకుంటే పది నిమిషాల్లో అయిపోతుంది. మాస్కు కన్నా నోట్లో పెట్టుకునే గొట్టం మేలు, మాస్కులో సగం తుంపర ముక్కు దగ్గరే ఆగిపోతుంది.

సెలైన్ కొనేటప్పుడు సీసా మీద అంకె తప్పక చూడండి. నెబ్యులైజర్‌కు సెలైన్ కావాలంటే కొన్ని దుకాణాల్లో 3 శాతం ఉన్నది చేతిలో పెడతారు. అది పిల్లలకు కఫం కరగడానికి డాక్టర్లు రాసేది. పాటకు ముందు పీలిస్తే దగ్గు వస్తుంది, ఆస్తమా ఉన్నవారికి ఊపిరి బిగుస్తుంది. 0.9 మాత్రమే తీసుకోండి, చిన్న ఆంప్యూల్స్‌లో వచ్చేదైతే తెరిచింది ఆ పూటకే వాడేసి మిగిలింది పారబోయవచ్చు. ఇంట్లో ఉప్పు కలిపిన నీళ్లు, కుళాయి నీళ్లు ఇందులో పనికిరావు. వాటిలోని సూక్ష్మజీవులు తుంపరతో నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

వాడిన ప్రతిసారీ గిన్నె వేడినీళ్లతో కడిగి, విదిలించి, శుభ్రమైన గుడ్డ మీద ఆరబెట్టాలి. జాలీ రకం రెండు నెలల్లో మొరాయిస్తోందంటే కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే, జాలీ రంధ్రాల్లో ఉప్పు గడ్డకట్టడం. పని అయ్యాక ఒక మిల్లీలీటరు డిస్టిల్డ్ వాటర్ పోసి నిమిషం నడిపితే ఆ బెడద ఉండదు. జాలీని వేలితోగానీ దూదితోగానీ తుడవకూడదు.

గదిలో తేమ పెంచే యంత్రం గురించి పొడవుగా చెప్పేదేమీ లేదు. రెండు మూడు వందల రూపాయల తేమ మీటరు ముందు కొనండి. పడగ్గదిలో తేమ 40 శాతం కన్నా తక్కువుంటేనే ఆ యంత్రం కావాలి, 60 దాటితే గోడలకు బూజు పడుతుంది. బోరు నీళ్లు పోస్తే గదంతా తెల్లటి పొడి రాలుతుంది. రోజూ కడగలేనివారు కొనకపోవడమే ఆరోగ్యం.

బిళ్లలు, వేర్లు, కషాయాలు

స్ట్రెప్సిల్స్, విక్స్ లాంటి బిళ్లలు చేసే మేలు ప్రధానంగా ఒకటి: నోట్లో లాలాజలం ఊరించడం, దాంతో మింగడం, ఆ మింగడంతో గొంతు పైభాగం తడవడం. మామూలు స్ట్రెప్సిల్స్‌లో ఉండేవి అమైల్‌మెటాక్రిసాల్ 0.6 మిల్లీగ్రాములు, డైక్లోరోబెంజైల్ ఆల్కహాల్ 1.2 మిల్లీగ్రాములు. రెండూ నోట్లో, గొంతు వెనక గోడ మీద పనిచేసే క్రిమినాశినులు. బొంగురుపోయిన గొంతుకు కారణం ఇంకా కింద ఉంటుంది, ఇవి అక్కడిదాకా పోవు. విక్స్ బిళ్లలో మెంథాల్ చల్లదనం పుట్టించే నరాలను తట్టి లేపుతుంది. గొంతు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది తప్ప నిజంగా తెరుచుకున్నది ఏమీ లేదు. అనిపించడం కూడా ఒక్కోసారి ధైర్యమిస్తుంది, దానికి అభ్యంతరం లేదు. ఒకటి రెండు బిళ్లలకు హాని ఉండదు. గంటకొకటి చప్పరిస్తే చక్కెర పళ్లకు చేటు, మెంథాల్ గొంతును ఆర్చేస్తుంది.

తీసుకోకూడనివి మొద్దుబార్చే బిళ్లలు, స్ప్రేలు. పెట్టె మీద బెంజోకెయిన్, లిడోకెయిన్ అన్న పేర్లు కనిపిస్తే కచేరీ రోజు వాటిని ముట్టుకోవద్దు. నొప్పి తెలిసినప్పుడే గాయకులు తగ్గి పాడతారు. అది తెలియకపోతే వాచిన స్వరతంత్రుల మీద పూర్తి బలంతో రెండు గంటలు పాడేస్తారు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ కూడా ఇదే జాబితాలోవి, కారణం వేరు. అవి రక్తం గడ్డకట్టడాన్ని తగ్గిస్తాయి. బలంగా పాడుతున్నప్పుడు స్వరతంత్రిలో సన్నని నాళం చిట్లితే రక్తం పొరలోకి పాకిపోతుంది. గుండె జబ్బుకు ఆస్పిరిన్ వాడేవారు మాత్రం డాక్టరును అడక్కుండా మానకూడదు. జలుబుకు వేసుకునే సెట్రిజిన్ ముక్కు కారడం ఆపినట్టే గొంతు తడిని కూడా తగ్గిస్తుంది. కచేరీ ముందురోజు రాత్రి వేసుకోవాల్సి వస్తే మర్నాడు నీళ్లు, తుంపర పెంచాలి.

అతిమధురం మీద మాకు గౌరవం ఉంది. చిన్న వేరుముక్క బుగ్గన పెట్టుకుంటే లాలాజలం చిక్కగా, తియ్యగా ఊరుతుంది, దగ్గు తెర అణుగుతుంది, బిళ్లల్లా ఘాటు లేదు. పచారీ కొట్లలో కన్నా మూలికలమ్మే కొట్లలో కొనండి. మంచి వేరు విరిస్తే లోపల నిమ్మపండు పసుపు, నార నారగా ఊడుతుంది, నమలగానే తీపి తెలుస్తుంది. బూడిదరంగు తిరిగి, బూజు వాసన కొడితే పాతబడిందని లెక్క. పొడి కన్నా వేరే నయం, పొడిలో ఏం కలిసిందో తెలియదు, పైగా పాడేటప్పుడు గొంతులో రేణువులు అడ్డుపడతాయి. హద్దు మాత్రం ఉంది: అందులోని గ్లిసిరైజిన్ ఒంట్లో ఉప్పును నిలబెట్టి పొటాషియంను బయటికి పంపుతుంది, బీపీ పెరుగుతుంది. ఐరోపాలో గ్లిసిరైజిన్‌కు పెట్టుకున్న రోజువారీ పరిమితి 100 మిల్లీగ్రాములు. అంగుళం ముక్క, కచేరీ రోజుల్లో మాత్రమే అనుకుంటే భయం లేదు. బీపీ, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు, గర్భిణులు అది కూడా మానాలి. మూడు పూటలా అతిమధురం కషాయం తాగే అలవాటు ఎవరికీ మంచిది కాదు.

కరక్కాయ చప్పరించడం వగరుకు లాలాజలం ఊరడం వరకే. ఉప్పునీళ్లు పుక్కిలించడం, గ్లాసుడు గోరువెచ్చని నీళ్లకు అరచెంచా ఉప్పు చొప్పున, గొంతు నొప్పికి చవకైన మంచి వైద్యం. అది కూడా స్వరతంత్రుల దాకా పోదు. మిరియాలు, శొంఠి, పాలు కలిపి రాత్రి కచేరీ తర్వాత తాగే అలవాటుతో మాత్రం జాగ్రత్త. గాయకులు కచేరీకి ముందు తినరు, పది గంటలకు ఇల్లు చేరి కడుపునిండా తిని, ఘాటైన పాలు తాగి వెంటనే పడుకుంటారు. రాత్రంతా కడుపులోని ఆమ్లం గొంతుదాకా ఎగదన్నుతుంది. గుండెలో మంట ఉండాలని లేదు. పొద్దున్న లేవగానే బొంగురు, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఉండటం, మాటిమాటికీ సవరించుకోవడం, పది గంటలకు గానీ మంద్రం దాటి గొంతు లేవకపోవడం, ఇవి దాని గుర్తులు. దానికి ఏ బిళ్లా పనిచెయ్యదు. తిన్న మూడు గంటల దాకా పడుకోకపోవడం, మంచం తలవైపు కాళ్ల కింద జానెడు ఎత్తు చెక్క దిమ్మలు పెట్టడం, కచేరీ రోజు రాత్రి పెరుగన్నంతో సరిపెట్టుకోవడం పనిచేస్తాయి. తలగడలు రెండు పెట్టుకుంటే మెడ వంగుతుంది తప్ప లాభం లేదు.

ఫ్లాస్కు

వేదిక మీద తంబురా పక్కన కనిపించే ఈ వస్తువు గురించి ఎవరూ సమీక్ష రాయరు. అర లీటరు స్టీలు ఫ్లాస్కు చాలు. ఒక చేత్తో, చప్పుడు లేకుండా తెరుచుకోవాలి, మైకు పక్కనే ఉంటుంది కాబట్టి టప్పుమనే బటన్ మూత వద్దు. నీళ్లు మరీ వేడిగా పోస్తే రాగాలాపన ముందు ఊదుకుంటూ కూర్చోవాలి. ఇంటి దగ్గరే తాగే వేడికి చల్లార్చి పోసుకుంటే రెండు గంటల తర్వాత కూడా గోరువెచ్చగా ఉంటాయి. కీర్తనకూ కీర్తనకూ మధ్య ఒక గుక్క, తనిఆవర్తనంలో, అంటే మృదంగం వంటి లయవాద్యాలు మాత్రమే వాయించే సమయంలో, కావలసినంత. గ్లాసుల కొద్దీ తాగితే కడుపు బరువై ఊపిరి కుదురుగా ఆగదు. పాలు పోసుకునేవారున్నారు, వాటితో లాలాజలం చిక్కబడి జారుడు స్వరాల్లో అడ్డుపడుతుంది. కాఫీ మీద ఉన్నంత భయం అవసరం లేదు, పొద్దున్న ఒక కప్పుతో గొంతు ఎండిపోదు. ఆమ్లం బాధ ఉన్నవారికే అది పడదు.

స్ట్రా, సిలికాన్ గొట్టం: ఈ జాబితాలో చవకైనది, ఎక్కువ ఫలితమిచ్చేది

స్ట్రాలోంచి పాడే అభ్యాసాన్ని అమెరికా స్వరశాస్త్రవేత్త ఇంగో టిట్జ్ బాగా ప్రచారంలోకి తెచ్చారు. గొట్టంలోంచి నీళ్లలోకి పలికించే పద్ధతి ఫిన్లండ్‌లో అంతకుముందు నుంచే ఉంది. నోటి దగ్గర దారి ఇరుకైతే గాలి ఒత్తిడి వెనక్కి తన్ని, స్వరతంత్రుల మీద ఆనుతుంది. అవి ఒకదాన్నొకటి గట్టిగా కొట్టుకోకుండా తేలిగ్గా కదులుతాయి. అలసిన గొంతును దారికి తేవడానికి, పొద్దున్నే సాధకం ముందు వేడెక్కించడానికి దీన్ని మించినది మేము చూడలేదు.

ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలు దాటి అమ్మే ప్రత్యేక స్టీలు స్ట్రాలు అక్కర్లేదు. 5, 6 మిల్లీమీటర్ల మామూలు స్ట్రాతో మొదలుపెట్టవచ్చు. కాగితపు స్ట్రా నోట్లో మెత్తబడి మూసుకుపోతుంది, అది వద్దు. నీళ్లలోకి పలికించడానికైతే 35 సెంటీమీటర్ల పొడవు, లోపలి వెడల్పు 9 నుంచి 12 మిల్లీమీటర్లు ఉన్న సిలికాన్ గొట్టం సరైనది. ఆహారానికి పనికొచ్చే రకం సిలికాన్ అడిగి, కొలత కోయించుకుంటే సరిపోతుంది.

సీసాలో సగానికి నీళ్లు పోసి గొట్టం కొస రెండు సెంటీమీటర్ల లోతుకే ముంచండి. పెదవులు చుట్టూ బిగించి, మధ్యస్థాయి షడ్జమం మీద ఊ అని పలికించండి. బుడగలు ఎడతెగకుండా ఒకే తీరున రావాలి. ముక్కు మూసి చూడండి: పలుకు మారితే గాలి ముక్కులోంచి పోతోందని అర్థం. తర్వాత షడ్జమం నుంచి పంచమానికి, మళ్లీ కిందికి జారుడుగా. తర్వాత మంద్రపంచమం నుంచి తారషడ్జమం దాకా. ఆ తర్వాత తెలిసిన వర్ణం పల్లవిని సాహిత్యం లేకుండా అలాగే. రెండు మూడు నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు చాలు. పైస్వరాల దగ్గర బుగ్గలు ఉబ్బి, మెడ నరాలు తేలుతున్నాయంటే మరీ గట్టిగా తోస్తున్నారు. గొట్టాన్ని లోతుగా ముంచినా ఇదే జరుగుతుంది, పది సెంటీమీటర్ల లోతు బలం పెంచదు, గొంతును బిగిస్తుంది. గొట్టాన్ని వారానికోసారి వేడినీళ్లలో మరిగించండి, లోపల పాచి పడుతుంది.

పాఠాలు చెప్పేవారికి మాత్రం ఇంకో వస్తువు

పాడి చెడిన గొంతుల కన్నా పాఠం చెప్పి చెడిన గొంతులు ఎక్కువ. తగ్గు స్థాయిలో పాడే ఒకటో శ్రుతి మాస్టారు ఎత్తయిన ఐదున్నర శ్రుతి పిల్లలతో కలిసి సరళీ వరుసలు పాడతారు, పదిమంది గొంతుల మీదుగా మాట్లాడతారు. అమెరికా పిల్లల క్లాసులకు తెల్లవారకముందే లేచి, నిద్రగొంతుతో నేరుగా తారస్థాయి అందుకుంటారు. వీరికి ఆవిరి యంత్రం కన్నా ముందు నడుముకు కట్టుకునే చిన్న స్పీకరు, తలకు పెట్టుకునే మైకు కావాలి. వెయ్యి, రెండు వేల రూపాయలకు వస్తుంది. ఆన్‌లైన్ క్లాసుకైతే తమ గొంతు తమకే వినిపించే ఏర్పాటున్న వైరు హెడ్‌సెట్. రెండు చెవులూ మూసే హెడ్‌ఫోన్‌లో తమ గొంతు సరిగా వినిపించక అందరూ తెలియకుండానే అరుస్తారు. ఒక చెవి కప్పు పక్కకు జరిపినా సగం అరుపు తగ్గుతుంది.

యంత్రాలు పక్కన పెట్టి పరీక్షకు వెళ్లాల్సిన వేళ

పాడుతుండగా హఠాత్తుగా గొంతు పోతే, అందులోనూ దగ్గినప్పుడో తారస్థాయిలో బలంగా అందుకున్నప్పుడో పోతే, ఆవిరి, స్ట్రా ఏదీ వద్దు. నాళం చిట్లి ఉండవచ్చు. గుసగుస కూడా మాని మౌనంగా ఉండి, ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. జలుబు తగ్గాక కూడా బొంగురు రెండు మూడు వారాలు ఉంటే అప్పుడూ వెళ్లాలి.

అక్కడ అడగాల్సిన పరీక్ష పేరు స్ట్రోబోస్కోపీ. మామూలు ఎండోస్కోపీలో సెకనుకు రెండు వందల సార్లు కదిలే స్వరతంత్రులు మసగ్గా కనిపిస్తాయి. స్ట్రోబోస్కోపీలో దీపం స్వరానికి దగ్గరి వేగంతో మినుకుమినుకుమంటుంది కాబట్టి కదలిక నెమ్మదిగా సాగుతున్నట్టు కనిపిస్తుంది, పొర ఏ చోట బిగుసుకుపోయిందో తెలుస్తుంది. స్వరతంత్రుల ముందు మూడోవంతు దగ్గర రెండువైపులా ఎదురెదురుగా చిన్న ఉబ్బులుంటే నాడ్యూల్స్. చాలావరకు ఆపరేషన్ అక్కర్లేకుండా, పాడే పద్ధతి మార్చి స్వరచికిత్సతో తగ్గుతాయి. ఒకవైపే ఉబ్బు ఉంటే పాలిప్ కావచ్చు, దాని దారి వేరు.

మంచి సేవను ఇలా గుర్తించవచ్చు. పరీక్షలో ఒక్క ‘ఈ’ అనిపించి వదిలేయకుండా మంద్రం, తారం రెండూ పలికిస్తారు, మెల్లగా పలికించి చూస్తారు, ఎందుకంటే చిన్న ఉబ్బు మెల్లగా పాడినప్పుడే బయటపడుతుంది. రోజుకు ఎన్ని గంటలు పాడతారు, ఏ శ్రుతి, ఎన్ని క్లాసులు అని అడుగుతారు. డాక్టరు పక్కన స్వరచికిత్స చేసే స్పీచ్ థెరపిస్టు ఉంటారు. హైదరాబాద్ లాంటి పెద్ద నగరాల్లో ఇలాంటి క్లినిక్కులు దొరుకుతాయి. మాట్లాడకుండా నెల రోజులు ఉండండి అని చెప్పి పంపేస్తే రెండో అభిప్రాయం తీసుకోండి. వీడియో తప్పకుండా పెన్‌డ్రైవ్‌లో అడిగి తెచ్చుకోండి. గొంతు బాగున్న రోజుల్లోనే ఒకసారి ఈ పరీక్ష చేయించి ఆ రికార్డింగు దాచి ఉంచితే, రేపు ఇబ్బంది వచ్చినప్పుడు కనిపించే ఉబ్బు కొత్తదో, ఏళ్లుగా ఏ హానీ చేయకుండా ఉన్నదో డాక్టరు పక్కపక్కన పెట్టి తేల్చగలరు.